నాలుగు గీతలు, ఒక పేక పోగు

సాంచె, అంటే మరమగ్గం, నడిచే ఇంట్లో పని జరుగుతోందా లేదా అని ఎవరూ అడగరు. షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేట, దాజీ పేట, అశోక్ చౌక్ వైపు, ఇంటికీ కార్ఖానాకీ మధ్య తరచూ ఉండేది ఒక్క గోడే. ఆ గోడ అవతల నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు వినిపిస్తున్నంతసేపూ బట్ట పెరుగుతున్నట్టే లెక్క. చప్పుడు ఆగిన మరుక్షణం వంటింట్లో ఉన్నవాళ్లకు కూడా తెలిసిపోతుంది: పోగు తెగింది, లేదా కండె అయిపోయింది, లేదా కరెంటు పోయింది. సంకేతంగా ఉంటుందని ఆ చప్పుడును ఎవరూ అమర్చలేదు. పని జరిగితేనే అది పుడుతుంది. అందుకే అబద్ధం చెప్పదు.

కంప్యూటర్ లోపల జరిగే పనికి చప్పుడు లేదు. సగం సెకనులో అయ్యే పనికీ, అరగంట పట్టే పనికీ, మధ్యలో చచ్చిపోయిన పనికీ తెర మీద ఒకే నల్లటి మౌనం. ఆ మౌనాన్ని చీల్చడానికి ప్రోగ్రామర్లు కనిపెట్టిన అతి చిన్న ఉపాయం ఈ అధ్యాయం విషయం. తెర మీద ఒకే చోట గిరగిరా తిరిగే గీత అది. నాలుగు అక్షరాల ఖర్చుతో అయిపోతుంది. అంత చిన్న దానిలో కంటి శాస్త్రం, టైపురైటర్ చరిత్ర, ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే తీరు, చివరికి తెలుగు లిపి గొడవ కూడా ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక ప్రశ్న ఉంది. తిరిగే ఆ గీత చెప్పేది నిజమేనా?

షోలాపూర్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. నేటి తెలంగాణ పల్లెల నుంచి తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చిన పద్మశాలీలు 1870లలో మొదలైన నూలు మిల్లుల్లో, చేతి మగ్గాల మీద, తర్వాత మరమగ్గాల మీద బతికారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సాంచె మీద వాళ్లు నేసే షోలాపూరీ చద్దరు భౌగోళిక గుర్తింపు పొందింది. ఆ చద్దరు మీది పువ్వులన్నీ జకార్డు పనితనం. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి డిజైను గీస్తారు. గళ్ల అడ్డవరుస ఒక్కొక్కటి ఒక్కో పేక. మామూలుగా ఒక పేకకు ఒక అట్ట. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు.

ఇప్పుడు ఒక డిజైన్ గదిని ఊహించుకుందాం. ఒక కుర్రాడు చిన్న షెల్ స్క్రిప్టు రాశాడు. స్కాన్ చేసిన గ్రాఫు బొమ్మను అది వరుసలుగా విడగొట్టి, ఏ అట్టలో ఎక్కడ చిల్లు పడాలో లెక్కగట్టి ఫైలులో రాస్తుంది. డిజైనుకు 480 అట్టలు. నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఎంటర్ నొక్కాడు. తెర మీద ఏమీ లేదు. వెనక నిలబడిన పెద్దనాన్న అడిగాడు: "ఏం రా, నడుస్తుందా, బందువడ్డదా?"

కుర్రాడి దగ్గరా జవాబు లేదు. యూనిక్స్ పనిముట్లకు మొదటి నుంచీ ఉన్న అలవాటు అది: తప్పు జరిగితేనే నోరు విప్పాలి. 1970ల ఆరంభంలో ఆ పనిముట్లు పుట్టినప్పుడు మనిషికి ఎదురుగా ఉన్నది తెర కాదు, టెలిటైప్ యంత్రం. మోడల్ 33 టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలే కాగితం మీద కొట్టగలదు. అలాంటి యంత్రంతో ప్రతి అడుగూ చెప్పించడం కాలహరణం. మౌనమే మర్యాద. యంత్రాలు మారాయి, ఆ మర్యాద మాత్రం నిలిచిపోయింది.

ఎంతసేపు మౌనంగా ఉంటే మనిషి కలవరపడతాడో చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. 1968లో రాబర్ట్ మిల్లర్ కంప్యూటర్ జవాబు ఆలస్యం గురించి రాసిన పత్రం ఈ రంగానికి పునాది. 1993లో జేకబ్ నీల్సన్ మూడు హద్దులను స్పష్టంగా పెట్టాడు: 0.1 సెకను లోపల జవాబొస్తే ఆలస్యమే అనిపించదు. 1 సెకను వరకు ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే పనికి పోతుంది. ఆ పది సెకన్ల లోపలే ఏదో ఒకటి కదలాలి. అంతకుముందే 1985లో బ్రాడ్ మయర్స్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఎంత పని అయిందో చూపించే పట్టీ ఉంటే మనుషులు దాన్నే ఇష్టపడతారని ప్రయోగం చేసి చూపించాడు. ఎంత మిగిలిందో తెలిస్తే ఆ సమయంలో ఏం చేయాలో తేల్చుకోవచ్చు కదా.

ముందు గీత తిరగడం సంగతి చూద్దాం. నిజానికి తెర మీద ఏదీ తిరగదు. నాలుగు అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి ఒకే గడిలో కనిపించి మాయమవుతాయి: | తర్వాత / తర్వాత - తర్వాత \ మళ్లీ మొదటికి. ఆగి ఉన్న బొమ్మలను తగినంత వేగంగా మారిస్తే కన్నూ మెదడూ కలిసి వాటి మధ్య కదలికను అల్లేస్తాయి. 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ ఈ విషయం మీదే ప్రచురించిన పరిశోధన మనస్తత్వశాస్త్రంలో ఒక కొత్త శాఖకు దారి తీసింది. సినిమా అంతా దీని మీదే నడుస్తుంది.

అయితే గీత కుడివైపే ఎందుకు తిరుగుతుంది? నిలువు గీత తర్వాత వాలుగీత వచ్చినప్పుడు, అది 45 డిగ్రీలు కుడికి తిరిగి ఉండవచ్చు, లేదా 135 డిగ్రీలు ఎడమకు తిరిగి ఉండవచ్చు. గీతకు తల, తోక లేవు కాబట్టి రెండూ సాధ్యమే. మెదడు దగ్గరి దారినే ఎంచుకుంటుంది. నాలుగు అక్షరాలను తిరగేసి చూపిస్తే గీత ఎడమకు తిరుగుతుంది. నిలువు గీత, అడ్డగీత రెండింటినే మార్చి మార్చి చూపిస్తే ఎటు చూసినా 90 డిగ్రీలే. దగ్గరి దారంటూ లేదు. అప్పుడు గీత తిరగదు, మిణుకుమంటుంది. నాలుగు అక్షరాలు కావలసి రావడానికి కారణం ఇదే. అడుగుకు 0.1 సెకను చొప్పున గీత సెకనుకు ఒకటింపావు చుట్టు తిరిగినట్టు కనిపిస్తుంది. కంటికి హాయిగా ఉండే వేగం.

దగ్గరి దారినే నమ్మే ఈ అలవాటు సాంచెల షెడ్డులో ప్రమాదం కూడా. పాతకాలపు చోకు ఉన్న ట్యూబ్‌లైటు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది. మోటారు నిమిషానికి 1440 చుట్లు, అంటే సెకనుకు 24 చుట్లు తిరుగుతోందనీ, దాని పుల్లీకి నాలుగు ఆకులున్నాయనీ అనుకోండి. ఒక వెలుగుకీ తర్వాతి వెలుగుకీ మధ్య పుల్లీ 0.24 చుట్టు తిరుగుతుంది. ఆకుకూ ఆకుకూ మధ్య దూరం 0.25 చుట్టు. అంటే ప్రతి ఆకూ తన ముందరి ఆకు ఉన్న చోటికి నూరో వంతు చుట్టు తక్కువలో ఆగినట్టు కంటికి కనిపిస్తుంది. వెలుగుకు నూరో వంతు చొప్పున నూరు వెలుగులకు ఒక చుట్టు: అంత వేగంగా ముందుకు తిరిగే పుల్లీ సెకనుకు ఒక్క చుట్టు మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు భ్రమ. ట్యూబ్‌లైటు పూర్తిగా ఆరిపోదు కాబట్టి ఆ భ్రమ మసకగానే ఉంటుంది. అయినా తిరిగే యంత్రాలున్న చోట పక్కపక్క లైట్లను వేరువేరు ఫేజుల మీద పెట్టాలని చెప్పేది ఇందుకే. కంటికి కదులుతున్నట్టు కనిపించేదాన్ని గుడ్డిగా నమ్మకూడదన్న సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

అక్షరం వచ్చిన గడిలోనే మళ్లీ అక్షరం ఎలా వస్తుంది? దానికి జవాబు టైపురైటర్‌లో ఉంది. వరుస చివరికి వచ్చాక టైపిస్టు చేసే పనులు రెండు: బండిని కుడివైపుకు తోసి వరుస మొదటికి రావడం, కాగితాన్ని ఒక వరుస పైకి జరపడం. టెలిటైప్‌లో ఈ రెండింటికీ వేరువేరు సంకేతాలు పెట్టారు. ఆస్కీ పట్టికలో మొదటిది 13, రెండోది 10. పదమూడును మాత్రం పంపి పదిని పంపకపోతే కర్సర్ అదే వరుసలో మొదటికి వచ్చి నిలుస్తుంది. తర్వాత పంపిన అక్షరం పాతదాని మీద పడుతుంది. టెలిటైప్ కాగితం మీద ఇలా చేస్తే నాలుగు గీతలూ ఒకదాని మీద ఒకటి అచ్చయి నల్లటి నక్షత్రం మిగులుతుంది. పాతది చెరిగిపోయే గాజు తెర వచ్చాకే ఈ ఆటకు వీలు చిక్కింది. మరో సంగతి: నాలుగో అక్షరమైన వెనకవాలు గీత మామూలు రాతలో అసలు లేనిది. 1961లో బాబ్ బీమర్ అనే ఇంజినీరు దాన్ని ప్రమాణంలో చేర్పించాడు. ఆయన ఉద్దేశం గణితపు గుర్తులను కూర్చడం. గిరగిరా తిరిగే గీతకు అది నాలుగో కాలవుతుందని ఆయన ఊహించి ఉండడు.

మన కుర్రాడు ఇప్పుడు స్క్రిప్టులో చేయాల్సింది ఇది. షెల్‌లో ఆదేశం చివర & గుర్తు పెడితే ఆ పని వెనకకు వెళ్లిపోతుంది, షెల్ వెంటనే తర్వాతి వరుసకు వస్తుంది. వెనకకు పంపిన పని సంఖ్యను డాలర్, ఆశ్చర్యార్థకం జంట ఇస్తుంది. ఇక ఒక వైల్ చుట్టు రాయాలి. ప్రతి చుట్టులో ప్రింట్‌ఎఫ్‌తో 13వ సంకేతాన్ని, దాని పక్కన ఒక గీతను పంపాలి, స్లీప్‌తో 0.1 సెకను ఆగాలి. తర్వాతి గీతకు పోవాలి. చుట్టు ఎప్పుడు ఆగాలో కిల్ చెబుతుంది. పేరు చంపడమే అయినా సున్నా సంకేతంతో పిలిస్తే అది ఎవరినీ చంపదు, ఆ సంఖ్య గల పని ఉందా లేదా అని మాత్రం చూసి వస్తుంది. లేదనగానే చుట్టు ముగుస్తుంది. అప్పుడు వెయిట్ ఆదేశంతో ఆ పని బాగా ముగిసిందా, తప్పుతో ముగిసిందా అన్నది తెలుసుకోవాలి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. గీత ఆగిందంటే పని అయిపోయిందనే అనుకుంటారు, పని కూలిపోయినా సరే.

మెలికలు కొన్ని. వెనకవాలు గీతకు షెల్‌లో ప్రత్యేక అర్థం ఉంది కాబట్టి నాలుగు అక్షరాలనూ ఒంటి కొటేషన్ల మధ్య పెట్టాలి. గీతలను నేరుగా ప్రింట్‌ఎఫ్ నమూనాలో ఇస్తే వెనకవాలు గీతను అది వేరే ఏదో సంకేతానికి మొదలనుకుంటుంది. శాతం గుర్తు, ఎస్ అనే నమూనా ద్వారా పంపాలి. స్లీప్‌కు పాజిక్స్ ప్రమాణం పూర్ణ సెకన్లనే హామీ ఇస్తుంది. గ్నూ వారి స్లీప్ దశాంశాలను ఒప్పుకుంటుంది. కర్సర్ మిణుకు అడ్డుపడకుండా దాచవచ్చు కానీ, మధ్యలో ఎవరైనా కంట్రోల్-సీ నొక్కితే దాన్ని తిరిగి చూపించేందుకు ట్రాప్ పెట్టి తీరాలి. లేకపోతే స్క్రిప్టు పోతుంది, కర్సర్ లేని తెర మిగులుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు మరొకటి: స్క్రిప్టును తెర ముందు కాకుండా రాత్రిపూట షెడ్యూలులో నడిపి, ఫలితాన్ని ఫైలుకు మళ్లిస్తే, గంటకు 36,000 గీతలు ఆ ఫైలులో చెత్తగా పేరుకుంటాయి. అందుకే గీతలను దోష ప్రవాహంలోకి పంపాలి, అది కూడా అటువైపు టెర్మినల్ ఉందని పరీక్షించాకే.

ఈ అలంకారానికి ఖర్చు కూడా ఉంటుంది. 2016 మొదట్లో జావాస్క్రిప్టు ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఎన్‌పీఎమ్ పనిముట్టులో పట్టీని ఆపేస్తే పని దాదాపు సగం సమయంలో అయిపోతోందని వాడుకరులు గమనించి చూపించారు. పని ఎంతయిందో చూపించడమే పనికి అడ్డమైంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పైన చెప్పిన గీత ఏం చెబుతోంది? వెనక ఒక పని ఉంది అని, అంతే. ఆ పని వరుసల మీద వరుసలు లెక్కగడుతూ ఉండవచ్చు. లేదా జవాబివ్వని నెట్‌వర్క్ డిస్కు ముందు కూలబడి ఉండవచ్చు. గీతకు రెండూ ఒకటే. రెండు సందర్భాల్లోనూ అంతే హుషారుగా తిరుగుతుంది. కొందరు దీన్ని తిరగేసి గీతనే వెనకకు పంపి అసలు పనిని ముందు నడుపుతారు. అది ఇంకా ప్రమాదం. అసలు పని చచ్చిపోయి, గీతను ఆపే వరుస దాకా స్క్రిప్టు రాకపోతే, అనాథగా మిగిలిన గీత జరగని పనిని జరుగుతున్నట్టు చూపిస్తూనే ఉంటుంది.

కంప్యూటర్ల గురించి రాసేవారు మగ్గం దగ్గరికి వచ్చినప్పుడల్లా జకార్డు అట్టల నుంచి పంచ్ కార్డులు, వాటి నుంచి కంప్యూటర్లు అనే వంశవృక్షం చెబుతారు. నిజమైన కథే. కానీ మన ప్రశ్నకు జవాబు అట్టల్లో లేదు. సాంచె పక్కన చేటంత చోటులో ఉండే ఇంకో భాగంలో ఉంది: పేక తెగితే సాంచెను ఆపే ఫోర్కు. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో కెన్‌వర్దీ, బుల్లో అనే ఇద్దరు 1840ల ఆరంభంలో దీన్ని మెరుగుపరిచారు. మరమగ్గాన్ని మనిషి కళ్ల నుంచి విడుదల చేసిన పరికరం ఇదని నా అభిప్రాయం.

దాని పనితీరు చూడండి. పన్నె పక్కన ఒక చిన్న జాలీ, దాని ఎదురుగా సన్నటి పళ్లున్న ఫోర్కు. పన్నె ముందుకు వచ్చి పేకను దట్టించే క్షణంలో, నాడె వదిలిన పేక పోగు జాలీకి అడ్డంగా ఉంటే ఫోర్కు పళ్లు ఆ పోగుకు తగిలి వెనక్కి వంగుతాయి, తోక పైకి లేస్తుంది. లేచిన తోక కింద నుంచి ఒక కొక్కెం తగలకుండా జారిపోతుంది. సాంచె నడుస్తూనే ఉంటుంది. పోగు లేదనుకోండి, పళ్లు జాలీలోంచి దూరిపోతాయి, తోక లేవదు, కొక్కెం దాన్ని పట్టి లాగుతుంది, హ్యాండిల్ పడిపోతుంది, సాంచె ఆగుతుంది. ఫోర్కు ఒకవైపే ఉంటుంది కాబట్టి రెండు పేకలకు ఒకసారి ఈ పరీక్ష జరుగుతుంది. నిమిషానికి 100 పేకలు పడితే 50 పరీక్షలు. జపాన్‌లో సకిచి టొయోడా 1896లో తయారుచేసిన మరమగ్గంలోనూ పేక తెగితే ఆగే ఏర్పాటు ఉంది; ఆయన కుటుంబపు మగ్గాల కంపెనీ నుంచే తర్వాత కార్ల కంపెనీ పుట్టింది.

ఇందులో నన్ను పట్టి నిలిపేది ఒకటే. ఫోర్కు మోటారును చూడదు. పుల్లీ తిరుగుతోందా అని అడగదు. మోటారు తిరుగుతూ, నాడె ఎగురుతూ, బట్ట మాత్రం పడని పరిస్థితి ఉంటుందని దాన్ని చేసినవాళ్లకు తెలుసు. అందుకే అది పోగునే తాకి చూస్తుంది.

కిల్ సున్నాతో తిరిగే గీత మోటారును చూస్తోంది. దాన్ని పోగు మీదికి తేవడం కష్టమేమీ కాదు. మన కుర్రాడి స్క్రిప్టు 480 వరుసలను ఒకదాని తర్వాత ఒకటి చేస్తోంది కదా. గీతను గడియారానికి కట్టకుండా ఆ చుట్టులోనే పెట్టాలి: ఒక అట్ట ఫైలులోకి చేరాకే గీత ఒక అడుగు కదలాలి. అట్ట చిక్కుకుంటే గీతా చిక్కుకుంటుంది. స్లీప్ అవసరం లేదు, వెనక పని అవసరం లేదు, అనాథ గీతలు ఉండవు. మొత్తం ఎన్నో ముందే తెలుసు కాబట్టి పక్కన అంకె కూడా వేయవచ్చు: 312/480. పెద్దనాన్న అడిగినదానికి అదీ జవాబు. నడుస్తుందని మాత్రమే కాదు, చాయ్ తాగి వచ్చేంత టైముందా అన్నది కూడా అందులో ఉంది.

పని మన చేతిలోని చుట్టు కాకుండా ఒకే పెద్ద ఆదేశమైతే? అప్పుడు అది రాస్తున్న ఫైలు పరిమాణాన్ని చూడాలి, పెరిగితేనే గీతను కదపాలి. గొట్టం గుండా డేటా పారుతుంటే మధ్యలో పీవీ అనే పనిముట్టును పెడితే ఎన్ని బైట్లు దాటాయో చెబుతుంది. డిస్కులను నకలు తీసే డీడీ 2015 నుంచి, అడిగితే, తన లెక్క తానే చూపిస్తుంది. ఇవన్నీ పోగును తాకి చూసే పద్ధతులే. దీనికి ఎదురు దారిలో జరిగిన పరిశోధన కూడా ఉంది. 2010లో క్రిస్ హ్యారిసన్ బృందం పట్టీ మీద చారలను వెనక్కి పారేలా వేస్తే అదే సమయం 11 శాతం తక్కువగా అనిపిస్తుందని చూపింది. కంటి గురించి తెలుసుకోవడానికి అది విలువైన ప్రయోగం. డిజైన్ గదిలో మాత్రం నేను ఆ చారలను వాడను. చద్దరు నేసేవాడికి కావలసింది సమయం తగ్గినట్టు అనిపించడం కాదు, ఎన్ని అట్టలు మిగిలాయన్నది.

ఇక తెలుగు. ఈ గదిలో సందేశం ఇంగ్లిషులో ఉండాల్సిన పనేముంది? "అట్టలు తయారవుతున్నాయి" అని రాస్తే పెద్దనాన్న కూడా చదువుకుంటాడు. రాసి, ఆ మాటల చివర గీతను తిప్పబోతే టెర్మినల్ తడబడుతుంది. అట్ట అన్న మాటే తీసుకోండి. కంటికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు: అ, ట, పొల్లు, మళ్లీ ట. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, మొత్తం 12. పొల్లుకు గడి లేదు కనుక చాలా టెర్మినళ్ల లెక్కలో అది 3 గళ్లు. ఒకే మాటకు 2, 3, 4, 12 అనే నాలుగు పొడవులు. డెబియన్‌లో మామూలు స్క్రిప్టులను నడిపే డ్యాష్ షెల్ పొడవు అడిగితే 12 అంటుంది. ఆ లెక్కతో పన్నెండు గళ్లు వెనక్కి జరిగి చెరిపితే పక్కనున్నదంతా పోతుంది. సీ లొకేల్‌లో బ్యాష్ కూడా బైట్లే లెక్కపెట్టి, అక్షరాన్ని మధ్యకు కోసి, ప్రశ్నార్థకాల పెట్టెలు చూపిస్తుంది.

టెర్మినళ్లు తెలుగు వెడల్పును సరిగ్గా లెక్కపెట్టే రోజు కోసం ఆగనక్కర్లేదు. గీత చోటు మారిస్తే చాలు. వరుసలో మొట్టమొదటి గడిని గీతకు ఇవ్వాలి. తర్వాత ఒక ఖాళీ, ఆపైన మూడు గళ్ల స్థిర వెడల్పుతో అంకె, ఏటవాలు గీత, మొత్తం. వాటన్నిటికీ కుడివైపున తెలుగు మాట. ఆ మాటను మొదట ఒక్కసారే రాయాలి. తర్వాత ప్రతి అట్టకూ 13వ సంకేతం కర్సర్‌ను ఎడమ అంచుకు తెస్తుంది, గీతా అంకే మారతాయి, కర్సర్ తెలుగు దగ్గరికి వెళ్లకుండానే ఆగుతుంది. మాట ఎన్ని గళ్లు పట్టిందన్నది ఎవరూ లెక్కపెట్టనక్కర్లేదు. చివరి అట్ట అయ్యాక 10వ సంకేతం ఒక్కటి పంపాలి. లేకపోతే షెల్ తన తర్వాతి ప్రాంప్టును తెచ్చి సరిగ్గా ఆ తెలుగు మాట మీదే రాసేస్తుంది.